నాలుగింటిలోపు

రెండో అంతస్తు దాటగానే లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. లైటు ఆరిపోయింది.

లోపల నలుగురున్నారు. తండ్రి, తల్లి, కూతురు, చేతిసంచీ పట్టుకున్న ఒక నడివయసు ఆవిడ.

తండ్రి గబగబా మీటలన్నీ నొక్కాడు. ఏదీ పనిచెయ్యలేదు.

"టైమెంతయింది?"

"మూడుంపావు," అంది తల్లి, ఫోను వెలిగించి చూసి.

నాలుగింటిలోపు పై అంతస్తులోని కాలేజీ ఆఫీసులో సంతకం పెట్టాలి. సీటు తీసుకుంటున్నామనో, వద్దనో. ఏదో ఒకటి.

ఆ సీటు రంగస్థల కళల కోర్సుది. మూడు వందల మంది పోటీపడితే ఇరవై మందికి వచ్చింది. ఆ ఇరవై మందిలో తమ కూతురు కూడా ఉందని సంతోషించాలో, బెంగపడాలో తెలియక వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

తండ్రి సర్వేయరు. కొలిచి చూడందే దేన్నీ నమ్మడు.

"నాలుగేళ్ళు ఏడ్చి, నవ్వి, గెంతి బయటికొస్తే ఆ చదువు ఎవరికి పనికొస్తుందే?" అని రోజూ అడిగేవాడు.

తల్లి "దానికి ఇష్టం కదండీ," అని మాత్రం అనేది.

బయల్దేరేటప్పుడు కూడా ఇద్దరూ ఒక మాట మీదికి రాలేదు.

లిఫ్టులో ఉక్క పెరిగింది. తండ్రి చొక్కా గుండీ విప్పుకున్నాడు.

"గాలాడట్లేదు," అన్నాడు. ఊపిరి ఎగశ్వాసగా మారింది. పిడికిళ్ళతో తలుపు బాదడం మొదలుపెట్టాడు.

"ఏమండీ! ఏమైందండీ!" తల్లి ఆయన భుజం పట్టుకుంది.

ఆ నడివయసు ఆవిడ సంచీ కింద పెట్టి, తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, ఇటు చూడండి. నా మొహం చూడండి. వదినా, ఆ ఫోను కాస్త నా మీదికి పట్టండి."

ఆవిడ గొంతు పెంచలేదు. అయినా ఆ ఇరుకులో ఆ గొంతు తప్ప మరేదీ లేనట్టయింది.

"గాలి పీల్చకండి. ముందు వదలండి. వేడి పాలు ఊదినట్టు... మెల్లగా... ఇంకా ఉంది లోపల, అదీ వదిలెయ్యండి."

తండ్రి వదిలాడు. మళ్ళీ వదిలాడు. బిగుసుకున్న భుజాలు కాస్త కిందికి దిగాయి.

బయట వాచ్‌మన్ "కంగారు పడకండి! కంగారు పడకండి!" అని మహా కంగారుగా అరిచాడు.

"పడట్లేదు బాబూ! పడట్లేదు బాబూ!" అంది ఆవిడ లోపల్నించి, అచ్చం అదే గొంతుతో.

కూతురు ఫక్కున నవ్వింది. తల్లికీ నవ్వొచ్చింది. ఆఖరికి తండ్రి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

ఇరవై అయిదు నిమిషాల తర్వాత ఎవరో తలుపులు విడదీశారు. ఒక్కొక్కరే పైకెక్కి బయటపడ్డారు.

తండ్రి రెండు చేతులూ జోడించాడు. "మీరు లేకపోతే నా పని అయిపోయేది తల్లీ. డాక్టరా మీరు?"

"ఆస్పత్రిలోనే అన్నయ్యా, పిల్లల దగ్గర. అమ్మో, పైన నా కోసం చూస్తుంటారు!" అంటూ ఆవిడ సంచీ అందుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తండ్రి అటే చూస్తూ నిలబడ్డాడు.

"చూశావా అమ్మలూ? అదీ చదువంటే. మనిషి ప్రాణం మీదికొచ్చినప్పుడు అక్కరకొచ్చేది."

కూతురు మెట్ల వైపు నడిచింది.

తల్లి ఈసారి 'దానికి ఇష్టం కదండీ' అనలేదు. భర్త ఊపిరి ఎగశ్వాసగా మారిన తీరు ఇంకా ఆమె కళ్ళముందే ఉంది.

ఆఫీసులో గుమాస్తా రెండు కాగితాలు ముందు పెట్టాడు. ఒకటి సీటు తీసుకునేది, రెండోది వదులుకునేది.

"విద్యార్థే సంతకం పెట్టాలి. పది నిమిషాలే ఉంది."

తండ్రి రెండో కాగితం ముందుకు జరిపాడు. "నీ ఇష్టం అమ్మలూ. బలవంతం లేదు," అన్నాడు.

కాగితం మీద ఉన్న ఆయన చెయ్యి ఇంకా వణుకుతోంది.

కూతురు కాసేపు ఆ చేతినే చూసింది. కలం తీసుకుని ఆ కాగితం మీదే సంతకం పెట్టేసింది.

గుమాస్తా దాని మీద ముద్ర కొట్టి, జాబితాలో తర్వాతి పేరు చూసి ఫోను చేశాడు. అవతల ఎవరో అమ్మాయి "అమ్మా! వచ్చిందే! సీటొచ్చిందే!" అని కేక పెట్టింది. ఆయన ఫోను చెవికి దూరంగా జరుపుకున్నాడు. ఆ కేక గదంతా వినిపించింది.

కూతురు కిటికీ వైపు తిరిగి నిలబడింది. తల్లి వెళ్ళి కూతురి వీపు మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల ఇటు తిరగలేదు.

తండ్రి వాళ్ళిద్దరి వైపు చూశాడు. ఏదో ఒక మంచిమాట చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి.

"ఏవండీ," అన్నాడు గుమాస్తాతో, కూతురికి వినపడేలా. "ఇందాక మాతోపాటు లిఫ్టులో ఇరుక్కున్న డాక్టరమ్మ ఎవరు? ఆవిడ ఏం చదివిందో చెప్పండి. ఎంత కష్టమైనా మా అమ్మాయికి అదే చదివిస్తాను."

గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఆవిడ డాక్టరు కాదండీ. ఆపరేషనుకి వెళ్ళే పిల్లలకి భయం పోగొట్టి లోపలికి పంపడం ఆవిడ ఉద్యోగం. కొత్తగా చేరేవాళ్ళతో మాట్లాడమని మేమే పిలిపించాం."

ఆ మాట అని, ముద్ర కొట్టిన కాగితాన్ని ఫైల్లో దోపుతూ, "చదివింది ఇక్కడేనండీ, మీ అమ్మాయి ఇప్పుడు వదులుకుందే, ఆ కోర్సే," అన్నాడు.