గీత దాటినంక

సరస్వతి కాన్వాసు సంచిని ఖాళీ చేసి మళ్లీ మొదటి నుంచి సర్దింది. అడుగున రెండు జతల ఆట బట్టలు, వాటి మీద తువ్వాలు, పక్కన కొబ్బరినూనె సీసా. తెల్లబూట్ల ముందు భాగంలో పాత గుడ్డముక్కలు కూరింది. సెలక్షను మీద నమ్మకంతో మూడు నెలల కిందటే కొని దాచిన బూట్లు అవి.

"గుడ్డలెందుకే?" అంది తల్లి లక్ష్మీనర్సమ్మ.

"జర వదులున్నయమ్మా."

లక్ష్మీనర్సమ్మ రొట్టెల మూట చేతికిచ్చి, అంత దూరం పోవుడు అవసరమా అని గొణిగింది. హైదరాబాద్ అంటేనే ఆమెకు దడ. ఎవరు బండెక్కినా, క్షేమంగా దిగారన్న కబురు వచ్చేదాకా ఆమెకు మెతుకు మింగుడుపడదు. సరస్వతి మూటను సంచిలో పెట్టింది. రెండు రోజుల కిందటి ఫైనల్ ఇంకా ఆమె చెవుల్లో హోరెత్తుతూనే ఉంది.

మట్టెవాడ ఆడపిల్లల కబడ్డీ జట్టుకు సరస్వతి కెప్టెను. ఆ ఫైనల్ చూసి జిల్లా మొత్తానికి ఒక్కరినే రాష్ట్ర శిక్షణకు తీసుకుంటారు. ఆ ఒక్క చోటు సరస్వతిదేనని వాడంతా అనుకుంది. తనూ అనుకుంది. భయమల్లా చిలుకమ్మ గురించే.

చిలుకమ్మ పాలకుర్తి దిక్కు నుంచి వచ్చిన కూలివాళ్ల పిల్ల. పొట్టి మనిషి, చిన్న పాదాలు. కూతకు వెళితే బొంగరంలా తిరిగేది, ఊపిరి తెగేది కాదు. కానీ ఎదుటిజట్టులో ఎవరికైనా కాలు తగిలిందా, అక్కడే ఆగి, వంగి, ఆ మనిషిని తాకి కళ్లకద్దుకునేది. మనిషికి కాలు తగిలితే పాపమని నాయనమ్మ నేర్పిందట. వంగిన పిల్లను వాళ్లు తీరిగ్గా పట్టుకునేవారు.

ఫైనల్ మొదటి సగంలోనే మూడుసార్లు అట్లా దొరికిపోయింది. జట్టు ఎనిమిది పాయింట్లు వెనకబడింది. విరామంలో జట్టులోని మొగిలమ్మ విరుచుకుపడింది.

"దండాలు పెట్టేదాన్ని గుడికి తోలాలె గని ఆటకు తెస్తరా అక్కా? బయట కూసుండవెట్టు."

మిగతావాళ్లూ వంతపాడారు. చిలుకమ్మ తలెత్తలేదు. సరస్వతికీ తిట్లు నాలుక చివరిదాకా వచ్చాయి, మూడు నెలల ఆశ కళ్లముందే మునిగిపోతుంటే ఎవరికి రావు? అంతలో ఆ పిల్ల ఒక పాదాన్ని ఇంకో పాదం వెనక దాచుకోవడం కనబడింది. భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయింది.

"దండం పెట్టొద్దంటలేను. పెట్టు. గని గీత దాటినంక పెట్టు."

"దూరం నుంచి పెడితే చెల్లుతదా అక్కా?"

"దేవునికి పెడ్తలేమా దూరం నుంచి?"

అంతే. రెండో సగంలో చిలుకమ్మ కూత పెట్టి వెళ్లింది, ఎడమకాలితో ఒకామెను, కుడికాలితో ఇంకొకామెను తాకింది, చేపపిల్లలా జారి నడిమి గీత దాటింది. ఇవతల నిలబడి ఇద్దరికీ వరసగా దండాలు పెట్టింది. మైదానం గొల్లుమంది. మళ్లీ పోయింది, ఈసారి మూడు దండాలు. ఆ తర్వాత జనం పాయింట్లు వదిలేసి దండాలే లెక్కపెట్టారు. సోడాబండి యాకయ్య సీసాలు వాయించాడు. బయట కూసుండవెట్టమన్న మొగిలమ్మే ఆఖరు కూతకు "పో చెల్లె, పో" అని గొంతు చించుకుంది. ఒక్క పాయింటుతో గెలిచారు. సరస్వతి చిలుకమ్మను భుజాల మీదకెత్తుకుని మైదానమంతా తిరిగింది.

ఆ సాయంత్రమే సెలక్షను పెద్దలు శిక్షణకు పోయేవారి పేరు చదివారు. విన్న లక్ష్మీనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

సరస్వతి సంచి మూతి బిగించింది. అప్పుడే చిలుకమ్మ గడప దాటి వచ్చింది, కంటినిండా నీళ్లతో. చూసుకోక కాలు సంచికి తగిలించింది. గబుక్కున సంచిని తాకి కళ్లకద్దుకుని, అట్లాగే సరస్వతి కాళ్ల మీదికి వంగబోయింది. సరస్వతి ఆమెను లేపి పట్టుకుంది.

"ఇప్పుడొద్దు. గీత దాటినంక."

స్టేషన్‌లో బండి కదిలింది. చివరిపెట్టె మలుపు తిరిగేదాకా చిలుకమ్మ జోడించిన చేతులు దించలేదు.

పెద్దలు చదివిన ఆ ఒక్క పేరు తనదే అయి, 1978 జనవరిలో సరస్వతి తెల్లబూట్లు తొడుక్కుని బండెక్కిన చిలుకమ్మ, ఆట వెంటే పోయి మళ్లీ మట్టెవాడకు రాలేదు.