దెషున్ పేలు

ఒళ్లంతా దురదపెట్టి తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. పక్కన పడుకున్న దెషున్ ఒంటిమీది పేలు బారులు తీరి నా మెడమీదికి పాకుతున్నాయి.

షుజౌ దగ్గర కమ్యూనిస్టుల ఎర్రసైన్యం మా ప్రభుత్వ దళాన్ని చుట్టుముట్టింది. కందకం నిండా మంచు. నాకూ దెషున్‌కూ ఒకటే దుప్పటి. వాడి కంపుకు రోజూ మొహం అటు తిప్పుకుని పడుకునేవాణ్ణి.

"ఒరే దరిద్రుడా, నీ మందను తోలుకుపోరా! వీటిని మేపడానికి నా ఒంట్లో నెత్తురెక్కడుంది?"

రోజూ అయితే, "చుట్టాల్రా, కాసేపుంచుకో" అని ఇకిలించేవాడు. ఇవాళ పలకలేదు. మోచేత్తో పొడిచాను. కొయ్యలా బిగుసుకుపోయి ఉన్నాడు.

పరుగున వెళ్లి కెప్టెన్‌కు చెప్పాను.

"పూడ్చకు. మంచు కదా, కుళ్లడులే," అన్నాడాయన, మూతికంటిన కొవ్వు తుడుచుకుంటూ. "హాజరు పిలిచినప్పుడు వాడి పేరుకు కూడా నువ్వే పలుకు."

చచ్చినవాళ్ల బత్తెం ఎవరి సంచిలోకి పోతుందో మాకందరికీ తెలుసు.

మధ్యాహ్నం పై అధికారి వచ్చి హాజరు పిలిచాడు. నా పేరుకు పలికాను. దెషున్ పేరుకు గొంతు మార్చి "హాజర్!" అని అరిచాను. కెప్టెన్ తల ఊపాడు.

మెడమీద పేనొకటి చేతికి దొరికింది. గోటితో నొక్కబోయి ఆగిపోయాను.

ఒళ్లు చల్లబడగానే అదైనా వాణ్ణి వదిలిపెట్టింది.