పేరమ్మ కాచిన తిప్ప

తవ్వకానికి వచ్చిన నాలుగు పడవలకూ అడ్డంగా పేరమ్మ మొలలోతు నీళ్లలో నిలబడింది.

"పారలు లోపల పెట్టండి," అంది. "ఒక్క చిప్ప కదిలినా నేనీడే మునిగి చస్తా."

అది 1961. పులికాట్ సరస్సులో, పేరమ్మ ఊరికి ఎదురుగా, నీటి కింద ఆలిచిప్పల తిప్ప ఒకటుంది. చిప్పలు కాలిస్తే మంచి సున్నమవుతుంది. నాయుడుపేటలో సున్నపు బట్టీ పెట్టిన జయరామయ్య దానిమీద కన్నేశాడు. కూలి దొరుకుతుందని ఊళ్లో మగవాళ్లంతా తలలూపారు. పేరమ్మ ఒక్కతే అడ్డం తిరిగింది.

మొగుడు పోయినా ఒకరి గడప తొక్కకుండా బతుకుతున్న మనిషి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని చిట్టమూరు వైపు ఊళ్లన్నీ తిరిగి వచ్చేది. తిప్ప మీద గంగమ్మ కూర్చుని ఉందని, అక్కడ వల వేస్తే చేతులు పడిపోతాయని మూడేళ్లుగా ఊరిని బెదిరిస్తోంది. పోలేరయ్య వినకుండా వలేసి వారం రోజులు జ్వరంతో మూలిగాడు. ఆ తర్వాత అటు ఒక్క పడవ పోలేదు.

"సర్కారు కాగితం ఉండాది నా దగ్గర," అన్నాడు జయరామయ్య.

"అయితే ఆ కాగితంతోనే తవ్వుకో."

గొడవ నెల్లూరు దాకా పోయింది. తిప్పను పరీక్షించడానికి చేపల శాఖ నుంచి కృపాదానం అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. అతను చొక్కా విప్పి నీళ్లలోకి దిగుతుంటే పేరమ్మ గబగబా దగ్గరికొచ్చింది.

"దక్షిణం పక్కకు మాత్రం పోబాక అబ్బయ్యా. అమ్మ ఉండేది ఆడనే."

కృపాదానం నవ్వుకున్నాడు. పెద్దామె మాట కాదనలేక ఉత్తరం వైపే మునిగాడు. పైకి వచ్చేసరికి అతని మొహం వెలిగిపోతోంది.

"పెద్దమ్మా, లోపల చేపపిల్లలు, రొయ్యపిల్లలు కుప్పలుగా ఉన్నాయి. రామేశ్వరం వైపు సముద్రంలో పగడపు దిబ్బల్ని సున్నానికని తవ్వి పాడుచేస్తున్నారు. ఎంత చెప్పినా వినేవాళ్లు లేరు. ఇక్కడ మీరొక్కరే ఇంత కాపాడారు. ఈ తిప్ప పోతే చేపలు పోతాయని మీకెవరు చెప్పారు?"

"ఎవురు చెప్తారు నాయనా," అంది పేరమ్మ తల దించుకుని. "దీన్ని ముట్టుకోనియ్యకూడదని మనసుకు అనిపించింది, అంతే."

ఆ మాటను అతను రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాడు.

ఆరు నెలలకు తవ్వకం రద్దయింది. తిప్ప చుట్టూ వల వేయరాదు, చిప్ప తీయరాదు అని బోర్డు వెలిసింది. ఒడ్డున షామియానా వేసి పేరమ్మకు శాలువా కప్పారు. చదువు లేకపోయినా సరస్సు కడుపు తెలిసిన తల్లి అని పెద్ద ఆఫీసరొకాయన ఉపన్యసించాడు. జయరామయ్యకు కూడా చప్పట్లు కొట్టక తప్పలేదు.

చివర్లో పోలీసు ఇన్‌స్పెక్టరు హజరత్తయ్య లేచి దండ వేశాడు.

"ఇంక నీకేం భయం లేదమ్మా. ఎవుడన్నా తిప్ప దగ్గరికి పోతే నాకు కబురు చెయ్యి. అంతెందుకు, మావోళ్లు కూడా అటు అడుగు పెట్టరు."

"మీ చల్లని చూపు సామీ," అంటూ పేరమ్మ కళ్లొత్తుకుంది.

జీపులు మలుపు తిరిగి కనబడకుండా పోయాక ఆమె శాలువా మడిచి గట్టున పెట్టి, నీళ్లలో తిప్ప దాకా నడిచి, మద్యనిషేధం పోలీసులు మూడేళ్లుగా ఊరూరా వెతుకుతున్న తన సారా కుండల్లో ఒకదాన్ని చిప్పల కింది నుంచి పైకి తీసింది.