ప్లీజ్ అక్కర్లేదు

"మళ్ళీ తెరిచావా కిటికీ?"

"మళ్ళీ మూశారా మీరు?"

పొద్దున్నే మొదలైంది. ఆయనకు చలిగాలి తగిలితే తుమ్ములు. ఆమెకు ఆ కిటికీయే ప్రాణం. వీధికి అవతల, మేడ మీది గదిలో ఆమె తల్లి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేదు. రోజూ కాఫీ గ్లాసులు పట్టుకుని తల్లీకూతుళ్ళు ఈ కిటికీలోంచి ఆ కిటికీకి కబుర్లు చెప్పుకుంటారు. ఉన్న రాకపోకలన్నీ అవే.

"నా మొహం కనపడకపోతే అమ్మకి కాఫీ దిగదండీ."

"ఆ కిటికీ తెరిస్తే నాకు ముక్కు ఆగదు."

"బయట అందర్నీ గడగడలాడిస్తారట. ఇంట్లో ఒక్క కిటికీ మూయించలేకపోతున్నారు నాన్నా!" వాళ్ళమ్మాయి కిసుక్కున నవ్వింది.

ఆయన మొహం ముడుచుకుని, కుర్చీ లాక్కుని, ఇంగ్లీషు పుస్తకం ముందేసుకున్నాడు.

వచ్చే నెల పెద్ద సభలో ఆయన ఇంగ్లీషులో మాట్లాడాలి. చదువు పూర్తిగా అబ్బకముందే ఉద్యోగంలో పైకొచ్చేశాడు. ఆఫీసులో ఆయన ఇంగ్లీషుకు తలలూపేవాళ్ళే గానీ, తప్పని చెప్పే మొనగాడు లేడు. అందుకే భార్య దగ్గర పాఠం. ఆమె కాలేజీలో ఇంగ్లీషే చదువుకుంది. దిద్దడం మొదలుపెడితే మొగుడని కూడా చూడదు.

ఆ రోజు పాఠం, ప్రభుత్వ నిబంధనల గురించి రాసేటప్పుడు ఏ మాట పక్కన ఏ మాట నప్పుతుందో.

"ఏదో ఒక విషయం మీద నాలుగు వాక్యాలు రాయండి," అంది.

ఆయన కిటికీ వంక ఓ చూపు చూసి, రాసిచ్చాడు.

ఆమెకు నవ్వాగలేదు. "ఎంత ఉడుకుమోత్తనమండీ! సరే, విషయం మీ ఇష్టం. కానీ 'స్ట్రాంగ్ రూల్స్' ఏమిటి? స్ట్రాంగ్‌గా ఉండేది కాఫీ. రూల్స్ 'స్ట్రిక్ట్'గా ఉంటాయి."

"ఊఁ."

"'బిగ్ ఫైన్' కాదు, 'హెవీ ఫైన్'. బ్యాన్‌ని 'పుట్' చెయ్యరు, 'ఇంపోజ్' చేస్తారు."

"ఎలా రాసినా అర్థమవుతుందిగా?"

"అర్థమవుతుంది. భయం వెయ్యదు." ఆమె పెన్ను కింది వాక్యం దగ్గర ఆగింది. "ఇదేమిటి, కిటికీలు మూసుకోండి, 'ప్లీజ్'? ప్రభుత్వం ఎక్కడైనా బతిమాలుతుందా?"

ప్లీజ్ కొట్టేసింది. చివర 'విత్ ఇమీడియట్ ఎఫెక్ట్' అని తానే చేర్చింది. "ఎప్పటినుంచో చెప్పకపోతే వాక్యం గాల్లో వేలాడుతుంది."

ఆయన బుద్ధిగా తిరగరాశాడు. ఈసారి వంక పెట్టడానికి ఒక్క అక్షరం దొరకలేదు. ఆమె పదికి పది వేసింది. ఆయన మొహం వెలిగిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆఫీసుకు బయల్దేరాడు.

మధ్యాహ్నం భోజనానికి ఈల వేసుకుంటూ వచ్చాడు.

"కిటికీ గొడవ ఇవాళ్టితో సరి. నిర్ణయం తీసేసుకున్నాను," అన్నాడు కంచం దగ్గరకు లాక్కుంటూ.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "మేకులు కొట్టించేస్తారా ఏంటి కొంపదీసి?"

"ఛ! అంత బాగా పాఠం చెప్పావు, ఆ మాత్రం బహుమానం ఇవ్వొద్దూ? మన కిటికీ ఇక నీ ఇష్టం. రోజంతా తెరిచి పెట్టుకో. నేనే మఫ్లర్ చుట్టుకుంటా. దీనికి మాత్రం మినహాయింపు."

"నిజంగానా!"

గరిటె అలాగే పట్టుకుని, అమ్మకు చెబుదామని పరుగున వెళ్ళి కిటికీ తలుపులు బార్లా తెరిచింది.

ఎదురుగా అమ్మ కిటికీ, దాని పక్కది, వీధి చివరిదాకా ప్రతి కిటికీ మూసి ఉంది. కింద మెల్లగా కదులుతున్న పోలీసు జీపు మైకులోంచి, ఎక్కడా ప్లీజ్ లేకుండా, ఆమె దిద్దిన నాలుగు వాక్యాలూ దేశాధ్యక్షులవారి కొత్త ఉత్తర్వుగా వినిపిస్తున్నాయి.