మస్కట్ నుంచి లోకల్ కాల్

“రేయ్ గోకులా, మీ బావ మస్కట్ నుంచి ఫోన్ చేస్తే మన దేశం నంబరు ఎట్లా పడుతుందిరా?”

తిరుత్తణి బస్టాండు ఎదుట సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చున్న గోకుల్, అక్క దేవకి చాచిన ఫోన్ అందుకుని చూశాడు. నిజమే, తొంభై ఒకటితో మొదలైన నంబరే. అతనికి ప్రాణం లేచి వచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఫోన్ల సంగతైతే గోకుల్ అడక్కపోయినా వడ్డిస్తాడు.

అయినా లోపల కాస్త గుబులు పుట్టింది. బావ మురళీధరన్ మస్కట్ వెళ్లి ఏడు నెలలైంది. వీసా డబ్బుకు అమ్మాలని, అమ్మ నేసిన మగ్గాన్ని బావే విప్పి, టెంపోలో వేసుకుపోయాడు. అప్పటినుంచి అక్క పవర్‌లూమ్ షెడ్డులో కూలికి పోతోంది. ఇప్పుడు మొగుడి మీద అనుమానం కూడా మొదలైతే ఆమె బతుకేం గాను?

“బావను అనుమానించొద్దక్కా,” అన్నాడు. “నెట్టు నుంచి నెట్టుకు పోయే కాల్ ఉంది, వాట్సాప్ మాదిరి. అది తప్పు లేదు. లైసెన్సు ఉండే కంపెనీ ఫారిన్ కాల్‌ను నెట్టు మీద తెచ్చి మన ఫోన్లో దించుతుంది. అదీ తప్పు లేదు. మూడోదే దొంగదారి. ఎవడో ఒక రూములో పెట్టె పెట్టుకోని, దాన్నిండా సిమ్ములు గుచ్చి, ఫారిన్ కాల్‌ను లోకల్ కాల్‌గా మార్చేస్తాడు. పాపం, బావకు ఆ సంగతే తెలీదు.”

“వీడియోలో కనబడమంటే కనబడడే?”

“ఆ దేశంలో వాట్సాప్ కాల్‌కు అడ్డం పెట్టినారు. ఆయనేం చేస్తాడు?”

అంతలో ఆ నంబరు నుంచే ఫోన్ మోగింది. దేవకి స్పీకర్ నొక్కింది.

“దేవకీ, తిన్నావా? ఇక్కడ ఒకటే ఎండ, ఒంటెలు కూడా బయటికి రాలేదు,” అంటున్నాడు మురళీధరన్. మాటల వెనక టక్కు టక్కుమని ఏదో చప్పుడు. మధ్యమధ్య కుయ్యిమని ఒక సాగతీత.

“ఏంది ఆ సద్దు?” అంది దేవకి.

“లైను బాగలేదు, మళ్లీ చేస్తా,” అని పెట్టేశాడు.

గోకుల్ చిటిక వేశాడు. “విన్నావా! దొంగదారిలో వచ్చే కాల్ ఇట్లానే ముక్కలు ముక్కలవుతుంది. అదంతా నెట్‌వర్క్ గోల.”

దేవకి మెల్లగా అడిగింది. “ఇది పెద్ద నేరమా?”

“జైలేనక్కా! దేశానికే ముప్పు.”

“మనం పోలీసులకు రాసిస్తే, ఆ నంబరు ఏ ఇంట్లో ఉండేదీ కనిపెడతారా?”

“టవర్ పట్టుకోని తలుపు దాకా వచ్చేస్తారు.”

“అయితే రాయి. మీ బావ పేరెందుకులే. మస్కట్ అని చెప్పి చేస్తారు, నంబరు మాత్రం ఇక్కడిది. ఉన్నది ఉన్నట్టు అంతే రాయి.”

చదువుకోకపోయినా అక్కకు ఎంత దేశభక్తి అని గోకుల్ పొంగిపోయాడు. ఆ పూటే ఫిర్యాదు పంపాడు.

ఎనిమిదో రోజు పోలీసుల నుంచి పిలుపు వచ్చింది. నంబరు మణవాళనగర్‌లో దొరికిందట, ఫిర్యాదు చేసినవాళ్లు వెంటనే రావాలట. పేపర్లో ఫొటో పడినా పడుతుందని గోకుల్ ఇస్త్రీ చొక్కా తొడిగాడు. అక్కాతమ్ముళ్లు లోకల్ ట్రైన్‌లో తిరువళ్లూరుకు వచ్చి, ఆటో ఎక్కి మణవాళనగర్ చేరుకున్నారు.

సందు చివర పెంకుటింటి ముందు జీపు ఆగి ఉంది. ఇన్‌స్పెక్టర్ పచ్చయ్యప్ప మొహం చిటపటలాడుతోంది.

“ఏంది తంబీ ఇది? పెట్టె లేదు, సిమ్ముల్లేవు. ఇల్లంతా వెతికినా ఉండేది మొగుడూ పెళ్లామే!”

ఆయన వెనక నుంచి, బనీనూ లుంగీతో తలొంచుకుని బయటికొచ్చాడు మురళీధరన్. తలుపు చాటున కొత్త పసుపుతాడుతో ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

దేవకి కళ్లు నిండాయి. కొంగుతో ఒత్తుకుని ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

“నేనయ్యా ఆయన పెళ్లాన్ని. మొగుడు ఇక్కడే యాడో ఉండాడు, వెతకండని మా ఊరి స్టేషన్‌కు రెండుసార్లు పోయినాను. మస్కట్ మా లిమిట్ కాదమ్మా అన్నారు. దొంగ పెట్టె అనేసరికి జీపులో వచ్చినారు.”

“అక్కా! నీకు ముందే తెలుసా? ఎట్లా?”

దేవకి గడప దాటి, లోపలి గదిలోకి నడిచింది. అక్కడి నుంచి టక్కుమని ఒక చప్పుడు, ఆ వెంటే కుయ్యిమని సాగతీత వినిపించాయి.

“నెట్‌వర్క్ గోల అన్నావే, ఇది అమ్మ మగ్గంరా,” అంది దేవకి లోపల్నుంచి. “ఈ మూలుగు వింటూనే గదరా నువ్వు ఉయ్యాల్లో నిద్దరపోయేది!”