తిట్టే మనిషి

"కాస్త జరుగు బానిసా. నీ పొట్ట నా చోటు కూడా తినేస్తోంది."

వాలీ జూఫ్ గేటు తట్టలేదు, పలకరించలేదు. నేరుగా వచ్చి చాప మీద కూర్చుని, ఒడిల్ వండిన చేపలన్నం పళ్ళెంలో చెయ్యి పెట్టి పెద్ద ముక్క లాక్కున్నాడు.

ల్యూసియెన్ ముఖం కందగడ్డలా చేసుకున్నాడు.

ఫ్రాన్సులో రైళ్ళు నడిపి రిటైరైన మనిషి. అక్కడి చలికి భార్య మోకాళ్ళు పట్టేస్తున్నాయని, ఉన్న ఇల్లు అమ్ముకుని, సెనెగల్ సముద్రపు ఒడ్డున ఈ నియానింగ్‌లో అద్దెకు దిగాడు. ఇంటివాడు లతీర్ ఫాయ్ తాళాలు చేతికిస్తూ, "ఇవాళ్టి నుంచి మీ ఇంటిపేరు కూడా ఫాయే" అన్నాడు. మాటవరసకి అన్నాడనుకుని మొగుడూ పెళ్ళాం నవ్వుకున్నారు.

ఊళ్ళో అందరూ మర్యాదస్తులే. చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర్నుంచి ఇమాముగారి దాకా ఎవరు ఎదురైనా, అయ్యగారూ అమ్మగారూ అంటూ ఆరోగ్యం అడిగి కానీ కదలరు.

ఈ వలలు బాగుచేసే ముసలాడొక్కడే శుక్రవారం వచ్చేసరికి శనిలా దాపురిస్తాడు.

"మీ ఫాయ్‌లు దేశంలో బియ్యమంతా తినేశారు" అన్నాడు వాలీ నములుతూ. "అమ్మా ఒడిల్, ఈ తిండిపోతుని ఎట్లా కట్టుకున్నావు? మా జూఫుల్లో మగాళ్ళే దొరకలేదా?"

"తినేది మా ఇంట్లో, తిట్టేది మా ఆయన్నా?" అంది ఒడిల్.

"ఇంకెవర్ని తిట్టమంటావు?"

వాడు వెళ్ళాక ల్యూసియెన్, "ఇక గేటుకి గొళ్ళెం పెడతాను" అంటాడు. "పోనీలే, ఒక్క ముద్ద" అంటుంది ఒడిల్. ప్రతివారం ఇదే తంతు.

వానలు పడబోతున్నాయనగా లతీర్ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇల్లు అమ్మేస్తున్నానండీ. హోటలు వాళ్ళు అడుగుతున్నారు. వానలు వెళ్ళేలోగా మీరు వేరే చోటు చూసుకోవాలి."

ఒడిల్ ఆ సాయంత్రమంతా ఏడ్చింది.

"ఎక్కడికి పోతాం? అక్కడ ఇల్లు లేదు. నీ పెన్షను అక్కడ అద్దెకే చాలదు. ఇక్కడ అడ్డుపడి మాట్లాడ్డానికి మనవాళ్ళంటూ ఎవరున్నారు?"



ఆ శుక్రవారం వాలీ వచ్చేసరికి చాప పరవలేదు.

"ఏం బానిసా, ఒక్కడివే మింగేశావా?"

ల్యూసియెన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"లతీర్ ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. మేం రోడ్డున పడుతుంటే నీకు నవ్వులాటగా ఉందా? నడు బయటికి. మళ్ళీ ఈ గడప తొక్కకు."

వాలీ ఒక్క క్షణం అతని వంక చూశాడు.

"బానిసకి ఇల్లు కూడానా" అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ల్యూసియెన్ గేటుకి గొళ్ళెం బిగించాడు.

తర్వాతి వారం లతీర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు, టీ కూడా తాగాడు.

"ఇల్లు అమ్మడం లేదండీ. మీరిద్దరూ ఉన్నన్నాళ్ళూ ఉండండి."

ఒడిల్ అతని గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

"మనసెందుకు మారింది?" అన్నాడు ల్యూసియెన్.

"కాదనలేని మనిషి అడిగాడు. పేరు చెప్పొద్దన్నాడు."

ఇంకెవరు, పెద్దమనిషి ఇమాముగారే అనుకున్నాడు ల్యూసియెన్. పంచదార పొట్లాలు పట్టుకుని వెళ్ళాడు. "నేనేమీ అడగలేదయ్యా" అంటూనే ఆయన పంచదార పుచ్చుకున్నాడు. అయితే మేయరుగారై ఉండాలి. ఆయనా అడగలేదు. ఆయనా పుచ్చుకున్నాడు.

వాలీ మళ్ళీ రాలేదు. శుక్రవారాలు ప్రశాంతంగా గడిచాయి.

"అన్నం మిగిలిపోతోంది" అనేది ఒడిల్.

ల్యూసియెన్ గొళ్ళెం తీసి ఉంచసాగాడు. వెళ్ళి పిలవడానికి మాత్రం కాళ్ళు రాలేదు.

వానలు వెళ్ళాక వాలీ పోయాడని కబురు వచ్చింది. ఇద్దరూ వెళ్ళారు.

వాకిట్లో శవం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. పక్కనే లతీర్, నడుం వంచి, అచ్చం వాలీలా నడిచి చూపిస్తున్నాడు.

"లేవరా బద్ధకపు బానిసా. మా బియ్యం ఇంకా మిగిలే ఉంది."

అంటూనే ఏడుస్తున్నాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఆ మాటకి నవ్వుతున్నారు.

ల్యూసియెన్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "పోయినవాణ్ణి పట్టుకుని అవేం మాటలు?"

"నేననకపోతే ఇంకెవరంటారు? ఫాయ్‌లకీ జూఫులకీ తాతలనాటి నుంచీ బావల వరస. బతికినన్నాళ్ళూ బానిసా, తిండిపోతా అని తిట్టుకోవాలి, అడిగింది కాదనకూడదు, పోతే ఇలా నవ్వించి సాగనంపాలి. నీకు నా ఇంటిపేరు ఇచ్చానా? నీకూ వాడు బావే."

"మరి ఊళ్ళోవాళ్ళంతా మాతో అంత మర్యాదగా ఎందుకుంటారు?"

"బయటివాళ్ళొస్తే మర్యాద చెయ్యమూ?"

ఒడిల్ వింటూనే ఉంది. కొంగులాంటి మెడగుడ్డతో కళ్ళు తుడుచుకుని శవం దగ్గరికి వెళ్ళింది.

"తిండిపోతుల్లో మొనగాడా, ఇక్కడ పడుకుంటే నీ వంతు చేప ఎవడు తింటాడు?"

వాకిలి వాకిలంతా ఘొల్లుమంది. వాలీ చెల్లెలు ఆమె చెయ్యి పట్టి లాగి, "రా వదినా, నా పక్కన కూర్చో" అంది.

ల్యూసియెన్ ఇంకా నిలబడే ఉన్నాడు.

"నేను గెంటేశాను లతీర్. మళ్ళీ రావద్దని గేటు వేశాను."

"తెలుసు" అన్నాడు లతీర్. "ఆ రోజు మీ గేటు నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చి, 'నా బానిసని వీధిలో పెట్టడానికి నువ్వెవడివిరా' అని, ఇల్లు అమ్మనని నా చేత అనిపించేదాకా మా గుమ్మంలోంచి లేవలేదు, ఈ బానిస."