కిటికీ తెరుచుకునేలోపు

ప్రింట్ అని నొక్కి జగదీశ్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

తెర మీద ప్రింట్ కిటికీ తెరుచుకోవాలి. తెరుచుకోలేదు.

"ఏమైందిర?" వెనక నిలబడ్డ ప్రభాకర్ అడిగాడు. భూముల బ్రోకర్. ఈ షాపు గది కూడా అతనిదే.

"స్లో అయిందన్నా. పొద్దటి నుంచి గిట్లనే చేస్తున్నది."

చేవెళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర దస్తావేజులు టైపు చేసే షాపులకు కొదవ లేదు. అయినా ప్రభాకర్ తన బేరాలన్నీ జగదీశ్ దగ్గరికే తెస్తాడు. ఇక్కడ పని తొందరగా అవుతుంది. కంప్యూటర్ చూస్తే ముసలిది, మాధాపూర్‌లో ఏదో కంపెనీ వదిలించుకున్నది. జగదీశ్ దానికి ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు. తెర మీద కిటికీలను తెరిచి మూసే ప్రోగ్రామును, అదే విండో మేనేజర్‌ను, విప్పి, పనికిరాని హంగులన్నీ కోసేసి, తను రాసిన చిన్న మార్పు, అంటే పాచ్, వేసి మళ్లీ కట్టి బిల్డ్ చేశాడు. అప్పటి నుంచి ఆ ముసలి పెట్టె లేగదూడలా ఉరుకుతోంది.

ఇవాళే మొరాయించింది. ఇవాళ మాత్రం మొరాయించకూడదు.

అమ్మేది అనంతయ్య. కనకమామిడిలో ఆయన పూలతోట. కొనేది మాధాపూర్ సాఫ్ట్‌వేర్ సారు, ఫామ్‌హౌస్ కట్టుకోవడానికి. ఒకటిన్నరకు రాహుకాలం. రేపటి నుంచి మూఢం. మూఢంలో సంతకం పెట్టే మనిషి కాదు అనంతయ్య. మూఢం పోయేదాకా ఆగే మనిషి కాదు సారు, అజీజ్‌నగర్‌లో ఇంకో తోట చూసి పెట్టుకున్నాడు. వేరే షాపుకు పోదామంటే, మూఢం రాకముందే పని కానిచ్చుకోవాలని వచ్చిన జనం ప్రతి గడప ముందూ నిలబడి ఉన్నారు.

ప్రభాకర్ జగదీశ్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇయ్యాల పని కాకపోతె రేపు నీ సామాను రోడ్డు మీద ఉంటది."

అరవలేదు. మెల్లగా అన్నాడు. అరిస్తేనే నయం. ఇంగ్లీషు రాక మాధాపూర్ ఇంటర్వ్యూల నుంచి తిరిగొచ్చిన జగదీశ్‌కు ఈ గది తప్ప వేరే బతుకు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"విండో మేనేజర్‌ను మల్ల బిల్డ్ చేస్త అన్నా."

"ఇప్పుడా? పెండ్లి బండి కదిలినంక ఇంజన్ విప్పుతవా?"

"వేరే దారి లేదు."

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పారడం మొదలైంది. పాత మిషిన్. జర టైం పడుతుంది.

అనంతయ్య బెంచీ మీద కూర్చుని గోడ గడియారం వైపే చూస్తున్నాడు. ఆయన భార్య అంతమ్మ గడప మీద కూర్చుంది. తోట అమ్మే రోజు కూడా చీకటితోనే పోయి బంతిపూలు తెంపింది. గంప మార్కెట్‌లో దింపి, అందరికన్నా ముందే షాపుకు వచ్చింది. వేళ్లకు అంటిన పసుపు ఇంకా పోలేదు.

"టైంకు ఏమైతదో, బిడ్డా?" అడిగింది.

"నాతోని అయ్యేది నేను చేస్తున్న అవ్వా." జగదీశ్ తెర వైపే చూస్తూ అన్నాడు. "భయమైతున్నది."

"ఆమెతోని ముచ్చటేందిర? పట్టా ఆయన పేరు మీద ఉన్నది. నువ్వు పని చూడు," అని ప్రభాకర్ కసిరాడు.

అంతలో సారు కారు దిగి లోపలికి వచ్చాడు. తెర మీదికి వంగాడు.

"సోర్స్ నుంచి బిల్డ్ చేస్తున్నావా? పర్లేదే. ఏం పాచ్ అది?"

బ్రోకర్‌కు తెర మీద కనబడేవి చీమలు. ఈయనకు ప్రతి చీమ పేరూ తెలుసు.

"లేట్ గురించి సార్. కిటికీ ఎంతసేపటికి తెరుచుకోవాలె అనేది."

"ఇంట్రెస్టింగ్. ఫైల్ ఓపెన్ చెయ్యి, చూద్దాం."

సారు మౌస్ మీద చెయ్యి వేశాడు. జగదీశ్ చొక్కా వీపుకు అతుక్కుంది. ఏ ఇంటర్వ్యూలోనూ ఇంత చెమట పట్టలేదు. లేచి పారిపోదామనిపించింది. కానీ వెనక ప్రభాకర్ ఉన్నాడు, ముందు గోడ ఉంది.

సారు జేబులో ఫోన్ మోగింది. లోపల సిగ్నల్ సరిగా అందదు. ఆయన మౌస్ వదిలి బయటికి నడిచాడు.

బిల్డ్ పూర్తయింది. జగదీశ్ మళ్లీ ప్రింట్ నొక్కాడు.

కిటికీ పైఅంచు కనబడింది. మిగతాది రాలేదు.

"రా... రా..." అని ప్రభాకర్ తెరను బతిమాలాడు. అది వినలేదు.

అనంతయ్య కండువా దులిపి లేచాడు. "ఒడిసింది. రాహుకాలం సొచ్చింది. ఇగ నేను సంతకం పెట్ట."

"పెద్దాయనా, జర ఆగు, వస్తది..." ప్రభాకర్ అడ్డం పోయాడు.

"దేవుడే వద్దంటున్నడు. పా అంతమ్మా." ఆయన షేర్ ఆటో కోసం రోడ్డు మీదికి పోయాడు.

బయట సారు గడియారం చూసుకున్నాడు. అజీజ్‌నగర్ తోట వాళ్లకు ఫోన్ కలిపి కారెక్కాడు. ప్రభాకర్ కొంతదూరం కారు వెంట ఉరికి, రొప్పుతూ తిరిగొచ్చాడు.

"పొద్దుగూకేవరకు గది ఖాళీ చెయ్యి," అని తాళంచెవి లాక్కుని వెళ్లిపోయాడు.

జగదీశ్ కుర్చీలోనే ఉండిపోయాడు. అప్పుడు గానీ తెర మీద కిటికీ పూర్తిగా తెరుచుకోలేదు.

అంతమ్మ గడప మీది నుంచి లేచి లోపలికి వచ్చింది. పసుపు అంటిన చేత్తో అతని తల నిమిరింది. కళ్లు తుడుచుకుని, కంప్యూటర్ వైపు చూపిస్తూ మెల్లగా అంది.

"ఇగ తీసెయ్యి బిడ్డా, పొద్దుగాల నేను కాళ్లు పట్టుకుంటె నువ్వు దాని మెడకు కట్టిన గుదిబండ."